రెల్లుసీమకు పటం

కథల్లో గడ్డినేలకు దక్కేది ఒక్క వాక్యం. వీరుడు గుర్రమెక్కుతాడు, పచ్చిక బయళ్ళు దాటతాడు, పొద్దు గూకేసరికి అడవి మొదట్లో దిగుతాడు. ఆ అడవికి ఇరవై పేజీలు, దాని వెనక కొండకు ఇంకో ఇరవై. దాటివచ్చిన పచ్చికలో ఎవరుంటారో, ఏం తింటారో, దేనికి జంకుతారో రాసినవాడికీ పట్టదు, చదివినవాడికీ పట్టదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు చదువుకుని పెరిగినవాళ్ళం మేము. 1954లో వచ్చిన 'తోకచుక్క' సరే, ఆ తరవాతి 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'యక్షపర్వతం' చూడండి. లోయ ఉంది, దుర్గం ఉంది, పర్వతం ఉంది. గడ్డి పేరు మీద ఒక్క కథ కూడా నాకు గుర్తుకు రాదు.

అందుకే పిల్లల కోసం ఒక సీరియల్ రాద్దామని కూర్చున్నప్పుడు గడ్డిదేశాన్నే ఎంచుకున్నాను. పేరు రెల్లుసీమ. ఎనిమిదో తరగతి చదివే మా మేనకోడలు బొమ్మలు బాగా గీస్తుంది కాబట్టి పటం వేసే పని తనది, రాసే పని నాది. ఇలాంటి ఊహాలోకాలు కట్టేవాళ్ళందరూ పాటించే వరసే మేమూ పెట్టుకున్నాం. ముందు భూగోళం, ఆ తరవాత ప్రమాదాలు, చిట్టచివర జనం.

ఈ వరస కొత్తదేమీ కాదు. కిష్కింధకాండలో సుగ్రీవుడు వానరులను నాలుగు దిక్కులకూ పంపుతూ ఏ దిక్కున ఏ కొండ, ఏ నది, ఎక్కడ ఏ భయం, ఎక్కడ ఎలాంటి మనుషులు, ఎక్కడికి వెళ్ళాక ఇక ముందుకు పోకూడదు అన్నీ ఏకరువు పెడతాడు. ఇంత భూగోళం నీకెలా తెలిసిందయ్యా అని రాముడు ఆశ్చర్యపోతే, వాలి తరుముతుంటే ప్రాణభయంతో భూమంతా పరిగెత్తాను కదా, అలా తెలిసింది అంటాడు. రామాయణంలో నాకు బాగా నచ్చే జవాబుల్లో అదొకటి. మన సాహిత్యంలో అంత విపులమైన భూగోళపాఠం చెప్పింది పారిపోయినవాడు. అతని పటంలో ప్రతి చోటూ దాటిపోవలసిన చోటే. అక్కడే కాపురముండేవాడి పటం వేరుగా ఉంటుందని తెలుసుకోవడానికి నాకు రెల్లుసీమ పని పనికొచ్చింది.

భూగోళం కోసం దూరం వెళ్ళలేదు. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా మన నేలనే తెచ్చి పరిచాం. ఒక పక్క తూర్పు కనుమలు, ఇంకో పక్క బంగాళాఖాతం, మధ్య సన్నటి పట్టీ. ఒడిశా సరిహద్దులో 1,501 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి నిలబడి ఉంటుంది. పరశురాముడు తపస్సు చేసుకుంటున్నాడని జనం నమ్మే కొండ అది. దాని శిఖరం నుంచి బారువ తీరానికి గీత గీస్తే 30 కిలోమీటర్లు కూడా ఉండదు. మహేంద్రతనయ ఆ కొండ మీద పుట్టి ఆ బారువ దగ్గరే సముద్రంలో కలుస్తుంది. అంత ఎత్తు నుంచి అంత తక్కువ దూరంలో సముద్రానికి చేరాలంటే నీళ్ళకు తొందర ఎక్కువ. కానీ తీరం వెంబడి ఇసుక దిబ్బలు అడ్డం పడుకుని ఉంటాయి. ఆ ఇసుక మీద పెరిగినదే ఉద్దానం. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి వైపు కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. దిబ్బలకూ మెట్టకూ మధ్య, సముద్రం దాకా పోలేక నిలిచిపోయిన నీరు పరుచుకున్న పల్లమే బీల. టెక్కలి దిగువన సంతబొమ్మాళి, నౌపడ వైపు అదే తరహా పల్లాన్ని తంపర అంటారు. అక్కడ ఉప్పుమళ్ళు కూడా దానికి తోడు.

మా పటంలో మొదట గడ్డి ఒక పచ్చరంగు మాత్రమే. బీల గట్టున నిలబడి చూశాకే అది నీటి పని అని అర్థమైంది. వానాకాలం బీల చెరువులా ఉంటుంది. పంట కోతలయ్యాక నీరు తగ్గుతూ పోయి, ఎక్కడెక్కడ తగ్గితే అక్కడక్కడ గడ్డి లేస్తుంది. అంచున తుంగ, లోపల జమ్ము, కాస్త మెరక మీద రెల్లు. అంటే నిరుడు నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పే కొలబద్ద ఆ గడ్డే. ఎండాకాలంలో చుట్టుపక్కల నేల నోరు తెరిచినా బీలలో పశువులకు మేత, మడుగుల్లో చేప మిగులుతాయి. ఊరి బావులకు ఊట ఇచ్చేది కూడా ఆ పల్లమే. మేనకోడలు పచ్చరంగు చెరిపేసి, ఒకే చోటికి మూడు పటాలు వేసింది. ఒకటి ఆషాఢానికి, ఒకటి సంక్రాంతికి, ఒకటి వైశాఖానికి. రెల్లుసీమకు ఒకే పటం సరిపోదని అలా తేలింది.

జనం దగ్గరికి రాకముందే పక్షులు వచ్చాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి. తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వానలు వెనకబట్టే వేళకు వచ్చి, ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. మేతకు తంపర నేలలకు, చెరువులకు పోతాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఊరంతా చెబుతారు, బోర్డుల మీద రాస్తారు, పేపర్లు ఏటా వేస్తాయి. నిజానికి ఈ రెండు జాతులూ మన ఉపఖండంలోనే గూడు కట్టి పిల్లలను చేసేవి. ఊహాభూగోళాలు కట్టేది కథకులొక్కరే కాదన్నమాట. అయితే ఈ కల్పన నాకు ముద్దొచ్చింది. ఎంత దూరం నుంచి వస్తే అంత గొప్ప చుట్టమని, ఆ ఊరు తన అతిథులకు పెద్ద దూరం కట్టబెట్టింది. ఆ నమ్మకంతోనే పిల్లలు కూడా గూళ్ళ మీద రాళ్ళు వెయ్యరు. రెట్టల కంపు భరిస్తారు, కొమ్మలు కొట్టరు, పక్షి రాని ఏడాదిని మంచి ఏడాది అనుకోరు. కల్పన కూడా ఒక నేలను కాపాడగలదు. ఇంకో రకం కల్పన ఏం చేయగలదో తరవాత చెబుతాను.

ఇక ప్రమాదాలు. పటం మీద ఎర్ర సిరాతో రాయాలని మేనకోడలి సరదా. మొదట ఎలుగుబంటి. ఇది కథకు తేలిగ్గా కుదిరే మృగం, పైగా మన దగ్గర నిజంగానే ఉంది. జీడిపండు, పనసపండు మాగే రోజుల్లో కొండల నుంచి ఎలుగులు తోటల్లోకి దిగుతాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక ఎలుగు దాడిలో ఒక రైతు చనిపోయాడు, మరికొందరు గాయపడ్డారు. పట్టుబడ్డాక ఆ జంతువూ బతకలేదు. కథలో అయితే అది రాక్షసి. తోటలో పిక్కలేరుకునే మనిషికి మాత్రం అది తనలాగే అదే పండు కోసం, అదే వేళకు వచ్చిన ఇంకో ప్రాణి. తెల్లవారకముందే ఏరకపోతే రాలినవి దక్కవు. అందుకే చీకట్లో వెళ్తారు. ఎలుగూ చీకట్లోనే వస్తుంది. ప్రమాదం ఎక్కడుందని అడిగితే జవాబు దొరకలేదు, ఏ వేళకు ఏ పనిలో ఉందని అడిగితే దొరికింది.

గాలి కూడా అంతే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, విసుర్లు 165 దాకా. అయిదేళ్ళ ముందే, 2013లో, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ ఈ తోటలను ఒకసారి ఊపి వదిలింది. తిత్లీ ఊపి వదల్లేదు. బాటసారికి తుపాను అంటే ఒక రాత్రి. ఏ గుడి మండపంలోనో తలదాచుకుంటే పొద్దున్నకు దాటిపోతుంది. ఉద్దానం రైతుకు ఆ రాత్రి ఏళ్ళ తరబడి తెల్లవారదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికే అయిదారేళ్ళు, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. ఆడపిల్ల పుట్టినప్పుడు వేసిన తోట పెళ్ళినాటికి అందొస్తుందని లెక్క వేసుకున్న ఇంట్లో, ఆ లెక్క మొత్తం ఒక్క గాలికి మొదటికొచ్చింది. కూలిన చెట్లను కోసి తీసెయ్యడానికి కూడా డబ్బులు కావాలి. అందుకని కొందరు తోటలు అలాగే వదిలి హైదరాబాదుకో చెన్నైకో పనికి పోయారు. తుపాను వేగాన్ని వాతావరణ శాఖ కొలుస్తుంది. దాని పొడవు కొలవాలంటే మాత్రం నారుమొక్క వయసు తెలియాలి.

మూడో ప్రమాదం దగ్గర మా ఎర్ర సిరా ఆగిపోయింది. కథల్లో విషపు కొలను ఉంటుంది. దాని నీరు నల్లగా ఉంటుంది, చుట్టూ ఎముకలుంటాయి, దూరం నుంచే తెలిసిపోతుంది. ఉద్దానంలో బావినీరు తేటగా ఉంటుంది. తాగితే తియ్యగా ఉంటుంది. రెండు మూడు దశాబ్దాలుగా ఇక్కడి మనుషుల మూత్రపిండాలు నిశ్శబ్దంగా పాడైపోతున్నాయి. బీపీ, షుగరు లేనివాళ్ళకూ వస్తోంది. నొప్పి తెలియదు. తెలిసేసరికి సగం పైన పోయి ఉంటుంది. నీటిలో సిలికానా, లోహాలా, పురుగుమందులా, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే పనా, నొప్పిమాత్రలా, వంశపారంపర్యమా అని ఎందరో పరీక్షించారు. అందరూ ఒప్పుకున్న ఒక్క కారణం ఇప్పటికీ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కూలీలకు ఇదే తరహా జబ్బు. భూగోళంలో ఎక్కడెక్కడో ఉన్న నేలలు మనకు చుట్టాలైంది ఇలా.

రాక్షసుడు లేని ప్రమాదాన్ని కథలో ఎలా రాయాలో నాకు తెలియలేదు. ఉద్దానంలో దానితో ఎలా బతుకుతున్నారో మాత్రం కనిపిస్తుంది. చదువు రాని ముసలివాళ్ళ నోట కూడా 'క్రియాటినిన్' మాట తడబడకుండా పలుకుతుంది. పెళ్ళిచూపుల్లో అడగకుండా అడిగే ప్రశ్నల్లో అదీ ఒకటి. వారానికి రెండు మూడు రోజులు డయాలసిస్‌కు సోంపేటకో, పలాసకో, టెక్కలికో తిరగడంలోనే కూలి రోజులు కరిగిపోతాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి గొట్టాల్లో తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. కారణం తేలకముందే చేయదగ్గ పని నీళ్ళు మార్చడమే. కథలో మంత్రగాడి ప్రాణం ఏ చిలకలోనో దొరికితే తప్ప విముక్తి ఉండదు. నిజం నేలలో ఈ జబ్బు ప్రాణం ఎక్కడుందో తెలియకపోయినా ముందు బిందె నింపాలి.

ఇంతవరకు వచ్చాక మా వరస తిరగబడిందని గమనించాను. ప్రతి ప్రమాదమూ ఒక పని దగ్గరికే తీసుకుపోతోంది. జీడి పిక్కలు ఏరే పని, కొబ్బరి నాటే పని, ఎండలో కలుపు తీసే పని. అందుకని ప్రమాదాల చీటీ పక్కన పెట్టి జనాన్ని ముందుకు తెచ్చాం.

అప్పుడు చూస్తే సన్నటి పట్టీ మీద ఎన్ని లోకాలు! మందస వెనక కొండల్లో సవరలు. సంతకు దిగినప్పుడు అడ్డాకులు, చింతపండు, కొండచీపుర్లు తెస్తారు. కొండచీపురు కూడా గడ్డే కదా, రెల్లుసీమలో వాళ్ళకు వాటా ఉంది. వాళ్ళ భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో కూర్చుని ఆ పని చేశారు. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణాన్ని తలుచుకున్నప్పుడల్లా, ఒక జనం ఉన్నారని ఒప్పుకోవడానికి వాళ్ళ మాట వినడం మొదటి మెట్టు అనిపిస్తుంది. తీరాన మత్స్యకారులు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవలకు వేట నిషేధం, మిగతా రోజుల్లో గాలి ఒప్పుకోవాలి. చేప తగ్గినప్పుడు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి బోట్లలో పని చేస్తారు. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు. పలాస, కాశీబుగ్గల్లో జీడి కార్ఖానాలు. పిక్క కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు జీడి తొక్క నూనెకు కాలి నల్లబడి ఉంటాయి. తెల్లటి గుండు పప్పు కొనేవాళ్ళకు ఆ వేళ్ళు కనపడవు.

బీల గట్టు మీద గేదెలు కాసే ఒక పెద్దాయన నన్ను చాలాసేపు చూసి, "ఏటి బాబూ, గడ్డిలోన ఏటి ఎతుకుతున్నావు?" అన్నాడు. పిల్లల కథకు ఇలాంటి చోటు రాస్తున్నాను, అందుకని చూస్తున్నాను తాతా అన్నాను. "రాయి, రాయి. ఎవులెవులు ఏ నెల్లోన ఇక్కడికొస్తారో అది కూడా రాయి మరి" అన్నాడు. వేళ్ళు మడిచి చెప్పుకుపోయాడు. గట్టు దాటి దిగువ నీరు ఎత్తిపోసుకునేవాళ్ళు, వల వేసేవాళ్ళు, చాపలకు తుంగ కోసేవాళ్ళు, మేతకు వచ్చే పక్కూరి మందలు. ఒకే పల్లాన్ని నెలల వారీగా పంచుకున్న పంపకం అది. కాగితం లేదు, తగవులు ఉన్నాయి, అయినా సాగుతోంది. ఏ ఒక్క రోజు వెళ్ళి చూసినా అందులో ఒక ముక్కే కనిపిస్తుంది. వైశాఖంలో మిట్టమధ్యాహ్నం వెళ్తే ఎవరూ కనపడరు.

అలాంటి మధ్యాహ్నం చూసి రాసిన పటాలే ఎక్కువ. బ్రిటిష్ రెవెన్యూ లెక్కల్లో శిస్తు రాని నేల పనికిరాని నేల. ఆ చూపు తరవాతా పోలేదు. 2000లో కేంద్ర ప్రభుత్వం మొదటిసారి అచ్చువేసిన దేశపు బంజరు భూముల అట్లాసు తీసి చూడండి. నీరు నిలిచే చిత్తడి నేలలు, పశువుల మేతభూములు, తీరపు ఇసుక నేలలు, అన్నిటికీ అందులో గడులు ఉన్నాయి. తీరపు ఇసుక మీదే ఉద్దానం పండింది, చిత్తడిలోనే బీల బతికింది. నేను ఊహించిన రెల్లుసీమలో కనీసం గుర్రాలైనా ఉన్నాయి. ఆ కాగితాల మీది దేశంలో ఏమీ లేదు. మన ప్రాంతం మీద ఎవరైనా రాసిన అతి పెద్ద కల్పన అదే.

దాని ఫలితం కథల్లో లాగా పేజీ తిప్పితే పోలేదు. సోంపేట బీలలో బొగ్గు విద్యుత్ కేంద్రానికి భూమి ఇచ్చినప్పుడు చుట్టుపక్కల రైతులు, మత్స్యకారులు ఎదురు నిలిచారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. అది బంజరా, చిత్తడి నేలా అన్నదే మొదటి నుంచీ తగవు. ఏడాది తిరక్కముందే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి తంపర దగ్గర 2,640 మెగావాట్ల కేంద్రం విషయంలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు. ఇంకా వెనక్కి పోతే 1940లో మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో, అడవి కట్టెల మీద హక్కు కోసం లేచిన రైతుల ముందు నిలబడి సాసుమాన గున్నమ్మ పోలీసు తుపాకీకి బలైంది. అడవి, బీల, తంపర. మూడు చోట్లా ఒక వైపు గీత గీసినవాడు, ఇంకో వైపు ఆ గీత లోపల ఏ నెలలో ఏం దొరుకుతుందో తెలిసినవాళ్ళు.

కరెంటు అక్కర్లేదని, రేవు వద్దని నేను అనడం లేదు. మూలపేట రేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పనులు దొరుకుతాయని ఎదురుచూసే కుర్రాళ్ళు కూడా ఈ నేల జనమే. వెరావల్ వెళ్ళకుండా ఇంటి దగ్గర కూలి దొరికితే వద్దనేవాడు ఎవడు? ఏ నేలనైనా మార్చవచ్చు. కాకపోతే దాని మీద ఏం జరుగుతోందో రాసుకున్నాక మార్చాలి. అప్పుడు పోయేదేమిటో లెక్క తెలుస్తుంది, ఆ లెక్క ఎవరికి చెల్లించాలో కూడా తెలుస్తుంది. ఖాళీ అని రాస్తే చెల్లించడానికి ఎవరూ ఉండరు.

కథ పని విషయానికి వస్తే మా వరస పూర్తిగా మారింది. రెల్లుసీమలో ఇప్పుడు జనం ముందు, వాళ్ళ పనులు తరవాత, ఆ పనుల నుంచి పుట్టిన భయాలు ఆ తరవాత. ప్రమాదాలు ముందు రాసుకుంటే జనం వాటికి బలి కావడానికే పుట్టినట్టుంటారు. పనులు ముందు రాసుకుంటే అదే జనానికి ఉపాయాలు, తగవులు, హాస్యం, పంతం వచ్చేస్తాయి. వీరుడి గుర్రం కూడా నెమ్మదించింది. గడ్డి దాటడానికి ఒకప్పుడు వాక్యం చాలేది, ఇప్పుడు మూడు నెలల సంచికలు పడుతోంది. దారి అడగాలి, ఎవరి వంతు నెలో తెలుసుకోవాలి, మేతకు బదులు ఇవ్వాలి. సుగ్రీవుడిలా పరిగెత్తేవాడికి ఇదంతా విసుగే. మేనకోడలికి మాత్రం కథ ఇక్కడే మొదలైందట.

నాకు మిగిలిన నియమం ఒకటే. ఏ నేలనైనా ఖాళీ అని రాయబోయే ముందు అక్కడ నాలుగు కాలాలూ నిలబడి చూడాలి, లేదా నిలబడినవాళ్ళను అడగాలి. కథకుడు ఆ పని చెయ్యకపోతే చదివేవాళ్ళకు విసుగొస్తుంది, అంతకు మించి నష్టం లేదు. సర్వే కాగితం మీద, ప్రాజెక్టు నివేదికలో, మంత్రి గారి ముందు పరిచే పటంలో అదే మాట రాసేవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. వాళ్ళు ఖాళీ అన్న చోట గేదెలు మేస్తున్నాయి, వలలు ఆరుతున్నాయి, తుంగ కోసే ఆడవాళ్ళు నడుము ఎత్తి చూస్తున్నారు. పిల్లల కథకుడికి ఉండవలసిన జాగ్రత్తలో సగమైనా ఆ కాగితాలు రాసేవాళ్ళకు ఉండాలని కోరడం అత్యాశ కాదనుకుంటాను.